తాత స్పోరన్ చుట్టూ ఒక పెళ్లి ముస్తాబు: హైలాండ్ డ్రెస్ కేస్ స్టడీ

ఆగస్టు చివరి వారంలో ఒక పెద్దాయన మా వర్క్‌షాప్‌కి కార్డ్‌బోర్డ్ పెట్టె ఒకటి పట్టుకుని వచ్చారు. వయసు 64. స్కాట్లాండ్‌లోని పెర్త్‌షైర్ అడవుల్లో చెట్ల పెంపకం పని చేసి రిటైరైన మనిషి. అక్టోబర్‌లో ఆయన కూతురి పెళ్లి, పిట్లాక్రీ దగ్గర ఒక హోటల్లో. శుభలేఖలో మగవాళ్లకు బ్లాక్ టై, అంటే రాత్రి విందు లాంఛన దుస్తులు అని వేశారు. కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకి కట్టే గళ్ల ఉన్ని వస్త్రం. అది కట్టేవాళ్లకు ఇక్కడ ఆ మాటకి మామూలుగా అర్థం ఇది: ప్రిన్స్ చార్లీ అనే పొట్టి జాకెట్, మూడు గుండీల వెయిస్ట్‌కోట్, నల్ల బో టై. కిల్ట్ ఆయనకు ఉంది. జాకెట్ కొత్తగా కొన్నారు. మిగతావన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి.

"ఇవి మా తాతవి, మా నాన్నవి. ఆ రాత్రి అన్నీ నా ఒంటి మీద ఉండాలి" అన్నారు.

నేను ఎడిన్‌బరాలో ఈ పనిలో ఉన్నాను. హైలాండ్ డ్రెస్, అంటే కిల్ట్‌తో కూడిన స్కాట్లాండ్ సంప్రదాయ వేషం, అమర్చడం సగం, దానికి సంబంధించిన లోహపు సామాను బాగుచేయడం సగం. పుట్టింది కరీంనగర్‌లో, వెండి తీగ పని చేసే ఇంట్లో. మా బాపు పాన్‌దాన్లు, ఇత్తర్‌దాన్లు అల్లేవాడు. అందుకే ఏ పెట్టె తెరిచినా నా చేయి ముందు లోహం మీదికే పోతుంది. ఈ కేసులో అది కొంత మేలు చేసింది, కొంత దారి తప్పించింది. రెండూ రాస్తాను.

పెట్టెలో ఉన్నవి

ముందుగా స్పోరన్. కిల్ట్‌కి జేబులు ఉండవు. నడుం నుంచి ముందు వేలాడే సంచినే స్పోరన్ అంటారు, గేలిక్ భాషలో ఆ మాటకి అర్థం కూడా సంచే. పగటిపూట మామూలు తోలుది పెట్టుకుంటారు. రాత్రి విందులకు బొచ్చు ముఖం, పైన లోహపు పట్టీ, కింద గొలుసులకు మూడు కుచ్చులు ఉన్నది పెడతారు. ఆ లోహపు పట్టీని కాంటిల్ అంటారు. ఈ పెట్టెలోది అలాంటి రాత్రి స్పోరన్. బూడిద రంగు మీద నల్ల మచ్చలున్న సీల్ (సముద్ర జంతువు) తోలు, కాంటిల్ మీద ముళ్లపువ్వుల చెక్కుడు. ముళ్లపువ్వు అంటే థిసిల్, స్కాట్లాండ్ చిహ్నం. నడిమి కుచ్చు ఊడిపోతే పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి పెట్టారు. వెనక తోలు ఎండి బిరుసెక్కింది.

తర్వాత మేజోడులో దోపుకునే చిన్న కత్తి, స్కీన్ డూ. నల్లకత్తి అని అర్థం. అల్లిక చెక్కిన నల్ల చెక్క పిడి, కొసన గోధుమ రంగు రాయి. ఆపైన ఖడ్గం ఆకారంలో కిల్ట్ పిన్, భుజం మీది గుడ్డకి గుచ్చే, అరచేతిలో సగం ఉండే రాయి పొదిగిన ప్లెయిడ్ బ్రూచ్, వెడల్పు తోలు బెల్టు, దాని బరువైన బకిల్, మూర పొడవున డర్క్ బాకు, టోపీకి పెట్టే క్లాన్ (వంశం) బ్యాడ్జి. ఇవి కాక జాకెట్‌తో పాటు దుకాణం వాళ్లు ఇచ్చిన కొత్త స్పోరన్ గొలుసు, క్రీమ్ రంగు మేజోళ్లు.

అన్నిటినీ బల్ల మీద పరిచి, ఏది ఎవరిదో, ఎప్పుడు పెట్టుకునేవారో ఒక్కొక్కటిగా అడిగాను. ఈ ప్రశ్నలకు నేను ఎప్పుడూ గంట కేటాయిస్తాను, దానికి డబ్బు తీసుకోను. ఏది తీసేయాలో చెప్పే ముందు ఏది తీస్తే మనిషి నొచ్చుకుంటాడో తెలియాలి. స్పోరన్, బెల్టు తాతవి. స్కీన్ డూ నాన్నది. బ్రూచ్ అమ్మది, ఆమె దాన్ని శాలువాకి పెట్టుకునేదట. డర్క్‌ని నాన్న ఎక్కడో వేలంలో కొన్నాడు, ఇంట్లో ఎవరూ పెట్టుకోలేదు. బ్యాడ్జి ఎక్కడిదో ఆయనకీ గుర్తు లేదు.

ఆ గంటలోనే దారి దొరికింది. స్పోరన్‌ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన గొంతు మారింది. మిగతావి చూపించేటప్పుడు మామూలుగానే ఉంది. కాసులపేరు వేసుకున్న రోజు మెడలో మరేదీ వద్దనేది మా అమ్మమ్మ. ఈ ముస్తాబుకి కాసులపేరు ఆ స్పోరన్. మిగతా ప్రతి వస్తువూ దానికి తోడు నిలవాలి, లేదా పెట్టెలో ఉండిపోవాలి.

వద్దన్నవి, ఎందుకు వద్దన్నానో

బెల్టుతో మొదలుపెట్టాను. వెయిస్ట్‌కోట్ వేసుకున్నప్పుడు బెల్టు పెట్టుకోరు. వెయిస్ట్‌కోట్ అంచు కిల్ట్ పై అంచుని కప్పేస్తుంది, లోపల అంత పెద్ద బకిల్ ఉంటే ముందు భాగం ఉబ్బుతుంది. బెల్టు తాతది కాబట్టి ఆయన కాసేపు వాదించారు. పగటి జాకెట్‌తో, వెయిస్ట్‌కోట్ లేకుండా కట్టినప్పుడు ఈ బెల్టుకి మంచి చోటు ఉందని, మర్నాడు ఉదయం ఇంట్లో జరిగే టిఫిన్ల విందుకి అలా వెళ్లమని చెప్పాను. ఒప్పుకున్నారు.

డర్క్ గురించి వాదన రాలేదు. కూర్చుని భోంచేసే చోట ఆ బాకు తొడకి అడ్డం. బ్యాడ్జి కూడా టోపీతోనే పోయింది, హోటల్ లోపల జరిగే విందులో టోపీ ఎలాగూ తీసేయాలి.

బ్రూచ్ దగ్గర ఆగాల్సి వచ్చింది. ఫ్లై ప్లెయిడ్ అని టార్టన్ (వంశాల పేర్లతో ఉండే రంగుల గళ్ల నేత) గుడ్డ ఒకటి ఉంటుంది, ఎడమ భుజం మీద వేసి బ్రూచ్‌తో గుచ్చి వెనక్కి వదులుతారు. ఈ మధ్య పెళ్లికొడుకులు చాలామంది వేస్తున్నారు, ఫొటోల్లో బాగుంటుంది. వధువు తండ్రికి అది ఎక్కువని నా అభిప్రాయం. పైగా భుజం మీద అంత పెద్ద రాయి ఉంటే నడుం దగ్గరి వెండిని ఎవరూ చూడరు. అయినా అమ్మ వస్తువుని పెట్టెలో వదలమనడానికి నోరు రాలేదు. అప్పుడు పెళ్లి తంతు ఎలా జరుగుతుందో అడిగాను. ఇక్కడ చాలా పెళ్లిళ్లలో టార్టన్ గుచ్చే చిన్న ముచ్చట ఉంటుంది. ఒక కుటుంబం వాళ్లు తమ టార్టన్ పట్టీనో, సాష్‌నో కొత్తగా వచ్చే మనిషికి తొడిగి, తమలో కలుపుకున్నట్టు చెబుతారు. పెళ్లికొడుకు అమెరికా అబ్బాయి. ఆ బ్రూచ్‌తో అల్లుడికి ఆయన చేత్తోనే టార్టన్ గుచ్చించవచ్చు కదా అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. మర్నాడు ఫోన్ చేసి, కూతురు ఏడ్చేసిందని, సరేనందని చెప్పారు. ఈ కేసులో నేను చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

కిల్ట్ పిన్ ఉంచాం. దాని వెనక ఒక పాత తప్పు ఉంది. కిల్ట్‌కి ముందు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పిన్‌ని పై పొరకే, కుడివైపు కింది మూలన గుచ్చాలి. ఆయన ఏళ్ల తరబడి రెండు పొరలూ కలిపి గుచ్చారు. నడిచినప్పుడల్లా గుడ్డ లాగి లోపలి పొరలో రెండు అంగుళాల చిరుగు పడింది. మురే ఆఫ్ అథోల్ టార్టన్ అది: ముదురు ఆకుపచ్చ, నీలం, సన్నటి ఎర్ర గీతలు. గజానికి 16 ఔన్సుల బరువున్న ఉన్ని, 8 గజాలు. అంత దట్టమైన నేతలో రఫ్ఫు చేయడం కష్టం కాదు కానీ గీత గీతకీ కలవాలి. కిల్ట్ లోపలి మడతలోంచి దారాలు లాగి రఫ్ఫు చేయించాం.

వెండి ఏది, వెండిలా ఉన్నది ఏది

ఈ భాగం నాకు ఇష్టమైనది కాబట్టి కాస్త సాగుతుంది.

స్కాట్లాండ్‌లో పాత హైలాండ్ సామాను చాలావరకు నికెల్ సిల్వర్. పేరులో సిల్వర్ ఉంది కానీ వెండి రవ్వంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. దాని మీద వెండి పూత పూసినవీ ఉంటాయి. అసలు వెండి అయితే ముద్రలు ఉండాలి. కాంటిల్ వెనక చిన్న నట్లతో బిగించి ఉంది. నట్లు విప్పి, బొచ్చు మీద కాగితం అడ్డం పెట్టి, పట్టీని విడదీశాను. వెనక భూతద్దంతో చూస్తే వరసగా నాలుగు ముద్రలు: తయారుచేసినవాడి అక్షరాలు, మూడు బురుజుల కోట, థిసిల్, ఏడాదిని చెప్పే ఒక అక్షరం. కోట ఎడిన్‌బరా పరీక్ష కార్యాలయం గుర్తు. థిసిల్ స్టెర్లింగ్ వెండి గుర్తు, అంటే వెయ్యికి 925 పాళ్లు. ఎడిన్‌బరాలో ఈ థిసిల్‌ని 1759 నుంచి 1974 వరకు కొట్టారు, 1975 నుంచి దాని బదులు సింహం వచ్చింది. ఏడాది అక్షరాన్ని పట్టికతో పోల్చితే 1930ల నాటిదని తేలింది. తాత పెళ్లి కూడా ఆ రోజుల్లోనే జరిగిందని ఆయన చెప్పారు. ఆ ఏడాది సంగతి తర్వాత మరో చోట అవసరమైంది.

కాంటిల్ వెండే. కుచ్చుల పైన ఉండే చిన్న గంట ఆకారపు తొడుగులు, గొలుసులు మాత్రం నికెల్ సిల్వర్. ఇది మోసమేమీ కాదు, గొలుసుకి గట్టి లోహం కావాలని చేసి ఉంటారు.

స్కీన్ డూ కొసన ఉన్న రాయిని ఆయన కెయిర్న్‌గార్మ్ అని నమ్మారు. అది కెయిర్న్‌గార్మ్ కొండల్లో దొరికే పొగరంగు స్ఫటికం, హైలాండ్ నగల్లో అంతకంటే పేరున్న రాయి లేదు. భూతద్దం కింద పెడితే లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపించాయి. చేతికి చల్లగా కూడా తగలలేదు. గాజు. చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను. ఇన్సూరెన్స్‌కో, పంపకాలకో రేపు ఎవరో చెబుతారు, అప్పుడు ఇంకా బాధగా ఉంటుంది. "నాన్నకి ఈ మాట తెలియకపోవడం మంచిదైంది" అన్నారు ఆయన. రాయి మార్చమంటారా అని అడిగితే వద్దన్నారు. మార్చకపోవడమే మంచిదని నేనూ అనుకున్నాను.

వెండిని ఎంత మెరిపించాలి అన్నది అసలు ప్రశ్న. కొత్త జాకెట్ గుండీలు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కన నల్లబడ్డ కాంటిల్ మురికిగా కనిపిస్తోంది. ద్రావణంలో ముంచితే నిమిషంలో తెల్లగా వస్తుంది. అలా చేస్తే చెక్కుడు లోతుల్లో ఉన్న నలుపు కూడా పోతుంది, ఆ నలుపు లేకపోతే ముళ్లపువ్వులు కనబడవు. మా ఇంట్లో వెండి కంచాలు విభూతితో తోమేవాళ్లు. నున్నటి కంచానికి అది బాగుంటుంది, చెక్కుడులో మాత్రం తెల్లటి పొడి ఇరుక్కుంటుంది, రుద్దిన కొద్దీ గీతల అంచులు అరుగుతాయి. అందుకని సబ్బునీళ్లలో తడిపిన దూది, ఆ తర్వాత మెత్తటి బట్ట, అంతే. పైకి తేలిన ఆకులు, రేకులు మెరిశాయి, గుంటలు నల్లగా ఉండిపోయాయి.

దాని తర్వాత జాకెట్ గుండీలు విప్పేసి, పాతవెండి ఛాయ ఉన్నవి కుట్టించాను. కొత్త జాకెట్ గుండీలు మార్చమంటే ఆయన ముందు వింతగా చూశారు. ఒక చేతికి పాత గుండీలు, ఒక చేతికి కొత్తవి ఉంచి అద్దం ముందు నిలబెట్టాను. అటూ ఇటూ చూసుకుని "మార్చండి" అన్నారు. ఒక్క గుండీ కోసం మనవాళ్లు జుబ్బా మొత్తం విప్పించి చూసుకుంటారు, ఇదీ అలాంటిదే.

కుచ్చు, టంకం

ఊడిన కుచ్చుకి పై లంకె తెగింది. సీల్ తోలు వెంట్రుక పొట్టిగా, బిరుసుగా కిందికి వాలి ఉంటుంది. సెగ తగిలితే ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. టంకం పెట్టే ముందు సరుకు విడదీయాలని మా బాపు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా పాటించాను. గొలుసు మొత్తం విప్పి, కుచ్చు వెంట్రుకని తొడుగులోంచి లాగి, లోహం ఒక్కటే బల్ల మీదికి తెచ్చాను. తెగిన లంకెను ఆకురాయితో సాపు చేసి, వెలిగారం రాసి, సన్నటి వెండి టంకంతో అతికాను. మళ్లీ అన్నీ కూర్చాను. అతుకు చూపుడువేలితో తడిమినా తెలియలేదు. ఆ అతుకు గురించి ఆ సాయంత్రం గర్వంగా అనిపించింది. పక్కనున్న రెండు గొలుసుల్ని మెరిసేలా తుడిచి పక్కన పెట్టాను, వాటి లంకెల్ని భూతద్దం కింద పెట్టలేదు. ఇది నా మొదటి తప్పు. దాని ఫలితం పెళ్లిరోజు తెలిసింది.

వెనక తోలుకి మైనం కలిసిన నూనె చాలా కొద్దిగా, మూడు రోజులు విడిచి విడిచి రాశాను. ఎక్కువ రాస్తే నూనె ముందున్న బొచ్చు తోలులోకి ఊరుతుంది. మూతకి ఉన్న స్టడ్ రంధ్రం సాగి వదులైంది. లోపలివైపు పల్చటి తోలు ముక్క వేసి, మైనం పట్టిన నార దారంతో చేత్తో కుట్టాను.

వేలాడే ఎత్తు

స్పోరన్ బరువు తూచితే 610 గ్రాములు. అద్దెకి ఇచ్చేవాటితో పోలిస్తే బాగా ఎక్కువ. దుకాణం వాళ్లు ఇచ్చిన కొత్త గొలుసు ఆయన నడుముకి పొడుగు, పైగా బరువు ఎక్కువయ్యేసరికి వెనక జారి ముందు కిందికి లాగుతోంది. స్పోరన్ వచ్చి తొడల మధ్య ఊగుతోంది. కిల్ట్ ముందు పొర దానితో పాటు వంకరపోతోంది.

నేను పాటించే కొలత ఇది: వెయిస్ట్‌కోట్ కింది అంచుకి, స్పోరన్ పై అంచుకి మధ్య మూడు నుంచి నాలుగు వేళ్ల జాగా. కిల్ట్ ప్యాంటులా తుంటి మీద నిలవదు. బొడ్డు ఎత్తులో కట్టాలి, కింది అంచు మోకాలి చిప్ప మధ్యకి రావాలి. కిల్ట్ ఎత్తు సరిగా లేకపోతే స్పోరన్ ఎత్తు ఎంత సర్దినా కుదరదు. పొట్ట ఉన్నవాళ్లు కిల్ట్‌ని పొట్ట కిందికి దించి కట్టుకుంటారు, ఈయన కూడా అంతే. రెండంగుళాలు పైకి కట్టించేసరికి మనిషి నిలబడే తీరే మారింది.

గొలుసు పొట్టి చేసి, పాత తోలు పట్టీ కలిపి, కిల్ట్ వెనక రెండు లూపులు కుట్టించి వాటిలోంచి పట్టీ పోనిచ్చాను. జారడం ఆగింది. కొలత తీసుకుని రంధ్రం వేశాను. ఇక్కడ రెండో తప్పు. వెయిస్ట్‌కోట్ ఆ రోజు టైలర్ దగ్గర ఉంది. అది లేకుండానే, ఆయన నిలబడి ఉండగానే కొలిచాను. రెండో ఫిట్టింగ్‌లో అన్నీ వేసి కుర్చీలో కూర్చోబెట్టాను. గొలుసు పొట్టలోకి దిగింది. వెయిస్ట్‌కోట్ అంచు వచ్చి కాంటిల్ మీద కూర్చుంది, మూడు వేళ్ల జాగా ఒక వేలు కూడా మిగల్లేదు. అప్పటినుంచి నేను ఎవరికైనా స్పోరన్ రంధ్రం వేసే ముందు వెయిస్ట్‌కోట్, జాకెట్, బూట్లు వేయించి, ఒకసారి నిలబెట్టి, ఒకసారి కూర్చోబెట్టి, ఒకసారి వంగి బూటు లేసు పట్టుకోమని చూస్తున్నాను. ఈయనకి అంగుళం దూరంలో ఇంకో రంధ్రం వేశాను: భోజనానికి ఒకటి, ఫొటోలకి ఒకటి.

స్పోరన్‌లో ఏం పెట్టుకుంటారని అడగడం మర్చిపోకూడదు. తాత కాలం సంచిలో ఇప్పటి ఫోన్ పట్టలేదు. కళ్లజోడు పెట్టె కూడా పట్టలేదు. కూతురి గురించి మాట్లాడబోయే ప్రసంగం కాగితం నాలుగు మడతలు పెడితే పట్టింది. అది చాలు అన్నారు. ఫోన్ భార్య దగ్గర, కళ్లజోడు జాకెట్ లోపలి జేబులో.

మోకాళ్ల కింద

క్రీమ్ మేజోళ్లు ఇక్కడ అద్దె దుకాణాల పుణ్యమా అని అందరి కాళ్లకీ ఉంటున్నాయి. నాకు నచ్చవు. నడుము దగ్గర బూడిద బొచ్చు, పాత వెండి ఉంటే కాళ్ల దగ్గర ఆ తెలుపు చూపుని కిందికి లాగేస్తుంది. కిల్ట్‌లోని ముదురు ఆకుపచ్చ తీసుకుని మేజోళ్లు, ఎర్ర గీత రంగులో ఫ్లాషెస్ ఎంచుకున్నాం. ఫ్లాషెస్ అంటే మేజోడు మడత కింద బయటివైపు కనిపించే చిన్న గుడ్డ నాలుకలు, లోపల రబ్బరు పట్టీకి ఉంటాయి. మడతని మోకాలి చిప్పకి మూడు వేళ్ల కిందకి పెట్టాను.

బూట్ల దగ్గర ఆయన శరీరమే నిర్ణయం చేసింది. గిల్లీ బ్రోగ్స్ అని నాలుక లేని బూట్లు ఉంటాయి, పొడుగు లేసుల్ని మెలిపెట్టి చీలమండ చుట్టూ తిప్పి ముందు ముడేస్తారు. ఆయనకి సాయంత్రానికి కుడి చీలమండ వాస్తుంది. ఆ లేసు అరగంటలో చర్మంలోకి దిగి గుర్తులు పడింది. బకిల్ బ్రోగ్స్‌కి మారాం. రాత్రి దుస్తులకి అవి ఏ విధంగానూ తక్కువ కాదు. బకిల్స్ కూడా పాతవెండి ఛాయలోవే.

స్కీన్ డూ కుడిచేతివాటం వాళ్లకి కుడి మేజోడులో, బయటివైపు. ఈయన ఎడమచేతివాటం, ఎడమ కాలికి పెట్టాం. పిడి పైభాగం మాత్రమే కనబడాలి. అది నిజమైన ఉక్కు కత్తి కాబట్టి చట్టం గురించి కూడా చెప్పాను. స్కాట్లాండ్‌లో బహిరంగ ప్రదేశంలో కత్తి ఉంచుకోవడం నేరం, కానీ 1995 నాటి చట్టం 49వ సెక్షన్ జాతీయ వేషధారణలో భాగమైతే దాన్ని సమర్థనగా ఒప్పుకుంటుంది. అంటే కిల్ట్‌తో మేజోడులో ఉన్నంతసేపే. మర్నాడు ప్యాంటు వేసుకుని అదే కత్తి జేబులో పెట్టుకుంటే ఆ రక్షణ ఉండదు. హోటల్ వాళ్లని ముందే అడగమన్నాను, అడిగారు, అభ్యంతరం చెప్పలేదు.

ఒకప్పుడు ఈ దుస్తులే నేరం. 1746లో కలోడెన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయాక చేసిన చట్టం 1747 ఆగస్టు నుంచి స్కాట్లాండ్‌లో సైనికులు కాని మగవాళ్లు కిల్ట్, ప్లెయిడ్ వేసుకోవడాన్ని నిషేధించింది. 1782 దాకా ఎత్తేయలేదు. ఆ తర్వాత 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరాకి వస్తూ 1,354 పౌండ్లకు పైగా ఖర్చుతో హైలాండ్ దుస్తులు కుట్టించుకున్నాడు. కెయిర్న్‌గార్మ్‌లు, బ్రూచ్‌లు, డర్క్‌లు అన్నీ ఒకేసారి ఒంటి మీద వేసే మోజుకి ఆ ఏడాది గట్టి ఊతం ఇచ్చింది. పెట్టెలో ఉన్నవన్నీ వేసుకుంటానని వచ్చే ప్రతి మనిషిలో నాకు ఆ 1822 కొంచెం కనిపిస్తుంది. ఆ కోరికని తప్పుపట్టను. 35 ఏళ్లు దాచిపెట్టినవాళ్ల మనవలు కదా.

అమెరికా మాట

మూడోసారి వచ్చినప్పుడు, కొత్త రంధ్రం సరిచూస్తుండగా, "డిసెంబర్‌లో బోస్టన్‌లో అబ్బాయివాళ్ల విందు ఉంది, అక్కడా ఇదే వేసుకుంటా" అన్నారు మామూలుగా. నా చేయి ఆగిపోయింది. టెన్షన్ వచ్చింది, ఎందుకంటే ఆయన అప్పటికే టికెట్లు కొన్నారు.

సీల్ తోలు విషయంలో బ్రిటన్‌లో ఇబ్బంది అమ్మకంతో. 2009లో, బ్రిటన్ ఇంకా సభ్యదేశంగా ఉన్నప్పుడు, యూరోపియన్ యూనియన్ సీల్ ఉత్పత్తుల వ్యాపారాన్ని నిషేధించింది, ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ తెగల వేటకి మినహాయింపు ఇచ్చింది. ఇంట్లో వారసత్వంగా ఉన్నది పెట్టుకోవడానికి అడ్డం లేదు. అమెరికా సంగతి వేరు. అక్కడి 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం సీల్‌తో చేసిన వస్తువుని దేశంలోకి తేవడాన్నే ఆపుతుంది. చట్టం రాకముందు నాటి పాత వస్తువుకి, రుజువు కాగితాలు ఉంటే, దారి ఉంది. ఇక్కడే ఆ ముద్ర అక్షరం గుర్తొచ్చింది. 1930లు అంటే చట్టానికి ముందే, కానీ ముద్ర చెప్పేది వెండి వయసు, తోలు వయసుకి అది రుజువు కాదు. విమానాశ్రయంలో తీసేసుకుంటే మళ్లీ చేతికి రాదు.

ఆయన ఒక ఉపాయం చెప్పారు: కాంటిల్ ఒక్కటే తీసి వేరే సంచికి బిగిస్తే? వెండికి ఏ నిషేధం లేదు కదా? మాట నిజమే, కానీ రంధ్రాలు ఏ కొత్త సంచికీ కలవవు. కలవాలంటే తాత కాంటిల్‌కి కొత్త రంధ్రాలు వేయాలి. నేను వేయనన్నాను. ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. చివరికి బోస్టన్ కోసం బూడిద రంగు ఆవుతోలు ముఖం, సాదా కాంటిల్ ఉన్న కొత్త స్పోరన్ ఒకటి కొన్నారు. స్కీన్ డూ కూడా ఇంట్లో ఉంచి, పిడి, ఒర ఒకే ముక్కగా ఉండి లోపల అలుగు లేనిది తీసుకెళ్లమన్నాను.

విదేశీ ప్రయాణం ఉందా అన్న ప్రశ్న ఇప్పుడు నా మొదటి గంట ప్రశ్నల్లో రెండోది.

పెళ్లిరోజు

పిట్లాక్రీకి నేను మధ్యాహ్నమే వెళ్లాను, కట్టించడానికి. ఆయన చేతులు వణుకుతున్నాయి. కిల్ట్ పట్టీలు బిగించి, స్పోరన్ పట్టీని లూపుల్లోంచి పోనిచ్చి, ఫొటోల రంధ్రానికి పెట్టాను. మూడు వేళ్లు సరిగ్గా పట్టాయి. అద్దంలో చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. కాగితం తీసి స్పోరన్‌లో పెట్టుకున్నారు, తీసి చూసుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. భార్య లోపలికి వచ్చి, ఆయన్ని చూసి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

బ్రూచ్ ముచ్చట బాగా జరిగింది. పిన్ను గుచ్చేటప్పుడు అల్లుడు కాస్త ముందుకి వంగాడు, అతను చాలా పొడుగు.

భోజనాల తర్వాత కేలీ మొదలైంది, అంటే బృందనాట్యాలు. ఆ నాట్యాల్లో మగవాళ్లు స్పోరన్‌ని పక్కకి, తుంటి మీదికి తిప్పుకుంటారు, లేకపోతే గెంతినప్పుడల్లా ఎగిరి తగులుతుంది. ఆయనకి ఆ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. తిప్పుకునే నాట్యం చేశారు. మూడో పాటకో నాలుగో పాటకో ఎడమ కుచ్చు ఊడి ఎక్కడో పడింది. నేను అతికిన నడిమిది చెక్కుచెదరలేదు. ఎనభై ఏళ్లకు పైగా ఒకే బరువు మోసిన మూడు గొలుసుల్లో ఒకటి తెగిందంటే మిగతా రెండూ తెగడానికి దగ్గరలోనే ఉన్నట్టు. తీగ పని ఇంట్లో పుట్టిన నాకు ఆ ఆలోచన వర్క్‌షాప్ బల్ల దగ్గరే రావలసింది. ఆ రాత్రి అందరూ డాన్స్ చేస్తుంటే ఆయన మనవరాలితో కలిసి బల్లల కింద ఫ్లాష్‌లైట్ వేసి వెతికాను, దొరకలేదు.

తర్వాతి వారం ఆయన మళ్లీ వచ్చారు. హోటల్ వాళ్లు ఊడుస్తుంటే దొరికిందట, ఒక కవర్‌లో పెట్టి ఇచ్చారు. తొడుగు నొక్కుకుపోయింది, వెంట్రుక బాగానే ఉంది. నేను క్షమించమన్నాను. డబ్బు తీసుకోనన్నాను. ఈసారి మూడు గొలుసులూ విప్పి, ప్రతి లంకెనీ భూతద్దం కింద పెట్టి చూశాను. సగానికి పైగా అరిగిన లంకెలు ఐదు. ఐదూ మార్చాను, పాతవి చిన్న పొట్లం కట్టి స్పోరన్ లోపల పెట్టాను. తీసుకుంటూ ఆయన అడిగింది ఒక్కటే: బొచ్చు తోలుని ఎలా దాచాలి? ప్లాస్టిక్ సంచిలో వద్దు, నూలు గుడ్డలో చుట్టండి, కుచ్చులు సాగి ఉండేలా పడుకోబెట్టండి, చిమ్మటలు పట్టకుండా ఏడాదికి రెండుసార్లు తీసి గాలికి పెట్టండి, వేడి గొట్టాల దగ్గర పెట్టొద్దు అని చెప్పాను. కార్డ్‌బోర్డ్ పెట్టె తెచ్చుకోలేదు ఆ రోజు. తాత పేరు రాసిన ఒక చెక్కపెట్టె చేసుకున్నారు, లోపల పాత నూలు దుప్పటి ముక్క పరిచి ఉంది.